కెమెరా పట్టిన పిల్లలకు

సొంత డబ్బుతో చిన్న సినిమాలు, డాక్యుమెంటరీలు తీస్తూ నల్లగొండ, పాలమూరు ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణి. ఈ దారిలోకి వచ్చే పిల్లలు ముందుగా అడిగేది అవార్డుల గురించే. నేనూ అక్కడి నుంచే మొదలుపెడతాను.

1. అవార్డు ఒక్కడికి రాదు.

బి.నర్సింగరావు ‘దాసి’కి 1988 సంవత్సరానికి ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం ఒకటి, నటి అర్చనకు ఒకటి. మిగిలిన మూడూ తెర వెనకవాళ్లవి: ఛాయాగ్రహణానికి ఎ.కె.బీర్, కళకు తోట వైకుంఠం, దుస్తులకు మన మిర్యాలగూడ సుదర్శన్. ఆ తర్వాత జనం ఆయన్ని ‘దాసి’ సుదర్శన్ అనే పిలిచారు. దొర గడీలో దాసి చీర ఎంత మాసి ఉండాలో, దొరసాని చీరకు ఏ అంచు ఉండాలో తెలిసిన మనిషి పక్కన లేకపోతే ఎంత మంచి కథయినా తెర మీద నిలవదు. నేను కథ, కెమెరా, కూర్పు అన్నీ నా చేతిలోనే పెట్టుకున్నాను. అది స్వేచ్ఛ అనుకున్నాను. నా తొలి సినిమాలు పలచగా ఉండటానికి కారణం అదే.

2. బాధకంటే ముందు మనిషిని చూపించండి.

మర్రిగూడ, నాంపల్లి వైపు ఫ్లోరోసిస్ మీద సినిమా తీసినప్పుడు నా కెమెరా వంగిన కాళ్ల మీద, గారపట్టిన పళ్ల మీదే ఆగేది. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఫ్లోరైడ్ అక్కడి బోర్లలో ఎన్నో రెట్లు ఉండేది. అది ఎముకల్లో పేరుకుని కీళ్లను బిగిస్తుంది. పటిక, సున్నం కలిపి దాన్ని తీసే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మా జిల్లా పేరే పడింది. ఇవన్నీ సినిమాలో చెప్పాను. చేతి మిషను ముందు కూర్చుని ఊరందరికీ రవికలు కుట్టే ఒకామె కాళ్లను మాత్రం దగ్గరగా తీసి, ఆమె చేతులను వదిలేశాను. పట్నంలో చూసినవాళ్లు ఆమె మీద జాలిపడ్డారు. కొలత ఇవ్వడానికి ఆలస్యంగా వచ్చినవాళ్లను ఆమె ఎట్లా కసురుకునేదో వాళ్లకు తెలియదు. ఊళ్లో తెర కట్టి చూపించిన రాత్రి ఆమె ఒక్కటే అడిగింది: “నా పనేది సారూ?” మళ్లీ తీద్దామని నేను వెళ్లేసరికి ఆమె లేదు.

3. వలస పోయినవాడి వెంట మీరూ పోవాలి.

నర్సింగరావుదే మరో సినిమా ‘మట్టి మనుషులు’ ఊరు విడిచి నగరంలో కట్టడాల దగ్గర కూలికి చేరినవాళ్ల కథ. 1990కి జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం అదే. పాలమూరు కూలీలు దేశంలో ఎన్ని ప్రాజెక్టులకు మట్టి మోశారో! నేనేమో తాళం వేసిన ఇళ్లను, అరుగు మీది ముసలివాళ్లను తీసి వచ్చేశాను. గుంపు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు, ముంబై బస్సు, అక్కడి రేకుల గుడిసె చూడలేదు. ఖర్చుకు భయపడ్డాను. ఖాళీ ఊరు సగం కథే.

4. తీసినదాన్ని దాచుకోవడం కూడా తీయడమే.

ట్రంకుపెట్టెలో పెట్టిన నా టేపులకు బూజు పట్టింది. మన దేశంలో జాతీయ సినిమా భాండాగారం 1964లోనే పుణెలో మొదలైంది. అయినా పెద్ద సినిమాల ప్రింట్లే చెడిపోతుంటే, మనలాంటివాళ్ల టేపుల గురించి మనమే పట్టించుకోవాలి. మీ పనికి రెండు ప్రతులు చేసి రెండు చోట్ల ఉంచండి. మూడోది తీసిన ఊరి బడికి ఇవ్వండి. ఇంట్లో పాత టేపులేవైనా ఉంటే ఈ వానాకాలం రాకముందే డిజిటల్ చేయించండి.