కోనసీమ కొబ్బరి తోటలలో కాపలా కుక్కపిల్లకు క్రేటు అలవాటు చేసే విధానం

డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా కొత్తపేట మండలంలోని పలివెల ఉమా కొప్పేశ్వరస్వామి ఆలయంతో ప్రసిద్ధి చెందిన గ్రామం. కొబ్బరితో పాటు అరటి, కంద వంటి అంతరపంటలు సాగయ్యే ఈ ప్రాంతంలో తోట కాపలాకు, పశువుల పాక రక్షణకు కుక్కను పెంచడం వాడుక. కొత్తగా తెచ్చిన పిల్లను కొందరు తొలి రోజు నుండే గొలుసుతో కట్టివేస్తారు. మరికొందరు కోళ్ళ గంప కింద మూస్తారు. ఈ రెండింటిలోను పిల్లకు తన ఇష్టంతో లోపలికి వెళ్ళి వచ్చే అవకాశం లేదు. క్రేటు (తలుపు గల ఊచల పెట్టె) శిక్షణకు ఆ అవకాశమే మూలాధారం.

ఆవశ్యకత

వరి చేలలోను, కొబ్బరి తోటలలోను ఎలుకల నివారణకు జింక్ ఫాస్ఫైడ్, బ్రోమడయోలోన్ ఎరలను వాడతారు. బ్రోమడయోలోన్ ఎరలో 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు ఉంటాయి. నూనె పట్టిన నూకలు ఎలుకను ఆకర్షించినట్లే కుక్కపిల్లనూ ఆకర్షిస్తాయి. జింక్ ఫాస్ఫైడ్ జఠరామ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువును విడుదల చేస్తుంది; దీనికి ప్రత్యేక విరుగుడు లేదు. బ్రోమడయోలోన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని నశింపజేస్తుంది. దీని లక్షణాలు కొన్ని రోజుల తరువాత గాని బయటపడవు. సకాలంలో గుర్తిస్తే విటమిన్ కె1తో చికిత్స సాధ్యం. కనుక ఎరలు పెట్టే నాటికే పిల్ల క్రేటుకు అలవాటు పడి ఉండాలి. ఆ రోజే తొలిసారి బంధిస్తే భయంతో ఊచలు కొరికి పళ్ళు, చిగుళ్ళు గాయపరచుకుంటుంది.

క్రేటు ఎంపిక

పిల్ల నిలబడడానికి, చుట్టూ తిరగడానికి, కాళ్ళు చాచి పడుకోవడానికి చాలినంత చోటు ఉండాలి. మరీ పెద్దదైతే ఒక మూల మలవిసర్జన చేసి మరొక మూల పడుకుంటుంది, శుభ్రత అలవడదు. పెద్ద క్రేటు కొన్నప్పుడు మధ్యలో అడ్డు పెట్టి, ఎదుగుదలను బట్టి జరపాలి.

కుక్క ప్రధానంగా వగర్చడం ద్వారా దేహతాపాన్ని తగ్గించుకుంటుంది. గాలిలో తేమ అధికంగా ఉండే కోనసీమలో ఈ ప్రక్రియ మందగిస్తుంది. అందువల్ల నాలుగు వైపులా గాలి ఆడే క్రేటునే ఎంచుకొని, ఇటుకలపై ఎత్తుగా, ఇంటివారు మసలే వసారాలో నీడన ఉంచాలి. కాయలు, మట్టలు పడే కొబ్బరి చెట్ల కింద ఉంచరాదు. పరుపుగా పాత నూలు బట్ట మేలు. కొబ్బరి పీచును పిల్ల కొరికి మింగితే ప్రేగులలో అడ్డు ఏర్పడే ప్రమాదం ఉంది.

అలవాటు చేసే క్రమం

ఎనిమిది వారాల లోపు పిల్లను తల్లి నుండి వేరు చేయరాదు. మొదటి రెండు మూడు రోజులు తలుపు తీసి ఉంచి, లోపల కొద్దిగా ఆహారం వేయాలి; పిల్లను లోపలికి నెట్టరాదు. తానుగా వెళ్ళడం మొదలైన తరువాత పూటభోజనం లోపలే పెట్టాలి. తినే సమయంలో తలుపు మూసి, తినగానే తీయాలి. తదుపరి ఐదు, పది, ఇరవై నిమిషాలుగా వ్యవధిని పెంచాలి. పిల్ల బెదిరితే వెనుకటి మెట్టుకు మరలాలి.

నెలల వయసుకు ఒకటి కలిపితే వచ్చే సంఖ్యను, పిల్ల మూత్రాన్ని ఆపుకోగల గరిష్ఠ గంటలుగా స్థూలంగా లెక్కిస్తారు. రెండు నెలల పిల్లకు ఇది మూడు గంటలు. పగటివేళ అంతకంటె ముందే బయటకు తీయాలి. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆడిన తరువాత ఒకే చోటికి తీసుకువెళ్ళాలి. రాత్రి అరిచినప్పుడు ఆటలాడకుండా బయట తిప్పి తిరిగి పడుకోబెట్టాలి.

జాగ్రత్తలు

క్రేటును శిక్షగా వాడరాదు. లోపల ఉన్నప్పుడు మెడపట్టీ తీసివేయాలి. నీరు అందుబాటులో ఉంచాలి. కదలికకు చోటులేని బోనులో జంతువును ఉంచడం, అనుచితమైన కాలం గొలుసుతో కట్టివేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షను ప్రకారం నేరం.

ఎరలు పెట్టిన కాలంలోను పిల్లను పూటకు పలుమార్లు తాడుతో పట్టుకొని ఎరలు లేని చోట తిప్పాలి. చచ్చిన ఎలుకలను, మిగిలిన ఎరలను ఏరి లోతుగా పాతిన తరువాతనే తోటలోకి వదలాలి. ఎర తిన్నదన్న అనుమానం కలిగితే లక్షణాల కోసం వేచి ఉండక, మందు డబ్బాతో సహా పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.