జారే కారుకు కళ్లెం

కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్‌లో, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులకు దగ్గరగా జుక్కల్ ఉంది. ఆ చుట్టుపక్కల నల్లరేగడి పొలాలు ఎక్కువ. వానాకాలంలో ట్రాక్టరు పొలంలోంచి తారురోడ్డు ఎక్కిందంటే, చక్రాలకు అంటిన జిగట బురద రోడ్డు మీద చారలుగా పడుతుంది. మలుపులో ఆ చారల మీదికి వచ్చిన మోటారు సైకిలు సర్రున జారిపోతుంది. నడిపేవాడు ఎటు తిప్పినా అది తన దారిన తాను పోతుంది.

పిల్లలూ! ఇలాంటి జారుడును కావాలని తెచ్చుకుని, దాన్నే అదుపులో ఉంచి పోటీలు గెలిచేవాళ్లు ప్రపంచంలో ఉన్నారు. ఈ పోటీకి 'డ్రిఫ్ట్' అని పేరు. ఇందులో కారు ముక్కు ఒకవైపు చూస్తుంటుంది, కారు మాత్రం మరోవైపు పోతుంటుంది. వెనుక టైర్ల నుంచి పొగ కమ్ముకుంటుంది. చూసేవాళ్లకు కారు అదుపు తప్పిందనిపిస్తుంది. నిజానికి అది పూర్తిగా డ్రైవరు చేతిలోనే ఉంటుంది. మరి బురదలో జారిన బండికీ, ఈ కారుకూ తేడా ఎక్కడుంది?

మలుపులో ఏం జరుగుతుంది?

కదిలే వస్తువు మీద బయటి బలం పనిచేయకపోతే అది తిన్నగానే పోతుందని న్యూటన్ మొదటి నియమం చెబుతుంది. కారు మలుపు తిరగాలంటే దాన్ని మలుపు లోపలి వైపుకు లాగే బలం ఒకటి కావాలి. అదే అభికేంద్ర బలం. రోడ్డు మీద ఆ బలాన్ని ఇచ్చేది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ. టైరు రోడ్డును తాకే చోటు సుమారు మన అరచేయంత. కారు భారమంతా అలాంటి నాలుగు అరచేతుల మీదే ఆధారపడి ఉంటుంది.

ఒక లెక్క చేద్దాం. మలుపు వ్యాసార్ధం 25 మీటర్లు అనుకోండి. కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తోంది. వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే అభికేంద్ర త్వరణం వస్తుంది. 100ను 25తో భాగిస్తే 4. అంటే సెకను వర్గానికి 4 మీటర్లు.

పొడి తారురోడ్డు మీద ఘర్షణ గుణకం సుమారు 0.8 ఉంటుంది. దాన్ని గురుత్వ త్వరణం 9.8తో గుణిస్తే 7.8 వస్తుంది. రోడ్డు ఇవ్వగలిగిన పట్టు ఇంతే. మనకు కావలసింది 4, ఉన్నది 7.8. కారు క్షేమంగా తిరుగుతుంది.

అదే కారు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో వస్తే? సెకనుకు 15 మీటర్లు. 225ను 25తో భాగిస్తే 9. వేగం ఒకటిన్నర రెట్లే పెరిగింది, కావలసిన పట్టు మాత్రం రెండుంపావు రెట్లు పెరిగింది! 7.8 చాలదు, కారు జారుతుంది. బురద పడ్డచోట గుణకం 0.3కు పడిపోయిందనుకోండి. అప్పుడు ఉన్న పట్టు 2.9 మాత్రమే. 36 కిలోమీటర్ల వేగానికే బండి జారుతుంది. బండి బరువు ఈ లెక్కలో ఎక్కడా రాలేదని గమనించండి. బరువైన బండి జారదనుకోవడం పొరపాటు.

పట్టుకు ఒక హద్దు

టైరుకు ఉన్న పట్టును మూడు పనులకు వాడుకుంటాం: ముందుకు పోవడానికి, ఆగడానికి, మలుపు తిరగడానికి. ఈ పనులన్నీ ఒకే మూటలోంచి ఖర్చు పెట్టాలి. మొత్తం పట్టు 10 పాళ్లు అనుకుందాం. బ్రేకుకు 6 పాళ్లు వాడితే మలుపుకు ఎంత మిగులుతుంది? నాలుగు అని తొందరపడకండి. ఈ రెండు బలాలూ ఒకదానికొకటి లంబంగా ఉంటాయి కాబట్టి ఇక్కడ పైథాగరస్ సిద్ధాంతం పనిచేస్తుంది. 10 వర్గం 100. అందులోంచి 6 వర్గం 36 తీసేస్తే 64. దాని వర్గమూలం 8. అంటే మలుపుకు 8 పాళ్లు మిగులుతాయి. బ్రేకుకే 10 పాళ్లూ వాడేస్తే మిగిలేది సున్న. మలుపు మధ్యలో బ్రేకు గట్టిగా తొక్కితే బండి తిరగకుండా తిన్నగా దూసుకుపోయేది అందుకే.

డ్రిఫ్ట్ డ్రైవరు చేసేది

డ్రిఫ్ట్ కార్లలో ఇంజను బలం వెనుక చక్రాలకు అందుతుంది. డ్రైవరు మలుపులోకి వస్తూనే హ్యాండ్ బ్రేకు లాగి గాని, క్లచ్చి ఒక్కసారి తొక్కి వదిలి గాని వెనుక టైర్ల పట్టు తెంచేస్తాడు. వెంటనే యాక్సిలరేటరు తొక్కి ఆ చక్రాలను కారు వేగాన్ని మించి తిప్పుతాడు. వాటి పట్టులో ఎక్కువ భాగం అలా ఖర్చయిపోతుంది కాబట్టి కారు వెనుక భాగం మలుపు బయటికి జారుతుంది.

ముందు చక్రాలకు మాత్రం పట్టు ఉంటుంది. కారు ఎడమకు తిరుగుతుంటే వెనుక భాగం కుడికి జారుతుంది. అప్పుడు డ్రైవరు స్టీరింగును కుడికి తిప్పుతాడు. అంటే కారు ముక్కు ఎటు ఉన్నా, ముందు చక్రాలు కారు నిజంగా పోతున్న దిక్కునే చూస్తాయన్నమాట. యాక్సిలరేటరు కాస్త ఎక్కువైతే కారు గిర్రున తిరిగిపోతుంది, కాస్త తగ్గితే మళ్లీ తిన్నబడుతుంది. అరచేతిలో కర్రను నిలబెట్టి చూశారా? చేయి క్షణం ఊరకుండదు. డ్రిఫ్ట్ కూడా అంతే.

మామూలు పందెంలో గడియారం గెలుపును తేలుస్తుంది. ఇక్కడ న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు. కారు చెప్పిన దారిలోనే పోయిందా, ఎంత కోణంలో జారింది, ఎంత ధీమాగా నడిచింది అని చూస్తారు. తర్వాత రెండేసి కార్లు జతగా దిగుతాయి. ముందు కారు దారి చూపితే, వెనుక కారు దాన్ని నీడలా అంటిపెట్టుకుని జారాలి.

ఒక డ్రైవరు కథ

ఈ విద్య జపాన్‌లో పెరిగింది. కునిమిత్సు తకహాషి మొదట మోటారు సైకిళ్ల వీరుడు. 1961లో ప్రపంచ గ్రాండ్ ప్రీ మోటారు సైకిలు పందెం గెలిచిన తొలి జపానీయుడు ఆయనే. తర్వాత కార్ల పందేలకు మారి, 1970 తర్వాతి ఏళ్లలో మలుపుల్లో కారును జారుస్తూ పోవడంలో పేరు పొందాడు. ఆయన్ను చూసి ముచ్చటపడ్డవారిలో 1956లో పుట్టిన కేయిచి త్సుచియా ఒకడు. అతను పెద్ద ధనిక జట్టు అండ లేకుండా, కొండదారుల మలుపుల్లో సాధన చేశాడు. కాలక్రమంలో లోకం అతన్ని 'డ్రిఫ్ట్ రాజు' అంది.

అతని ఆశ అక్కడితో ఆగలేదు. 1995లో ఫ్రాన్స్‌లో జరిగిన 24 గంటల లె మాన్స్ పందెంలో త్సుచియా, తాను ఆరాధించిన తకహాషి, అకిరా ఈడా కలిసి ఒకే కారు నడిపారు. ఆ పందెంలో చాలా గంటలు వాన కురిసింది. జారే రోడ్డు మీద ఆ ముగ్గురూ తమ తరగతిలో మొదటి స్థానం గెలిచారు. అప్పటికి తకహాషి వయసు 55. 2001లో జపాన్‌లో డి1 గ్రాండ్ ప్రీ డ్రిఫ్ట్ పోటీల వరుస మొదలైంది. దాని వెనుక ఉన్నవారిలో త్సుచియా ఒకడు. కొండదారుల్లో ప్రాణాపాయంతో సాగే విద్యకు కంచె, హెల్మెట్టు, నియమాలు ఉన్న మైదానం దొరికింది.

శాస్త్రజ్ఞులకు ఇదెందుకు?

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 1981 నాటి డెలోరియన్ కారును విద్యుత్తుతో నడిచేలా మార్చి, డ్రైవరు లేకుండా తనంతట తానే డ్రిఫ్ట్ చేసేలా తయారుచేశారు. 2015లో దాన్ని లోకానికి చూపారు. ఇది వినోదం కోసం చేసింది కాదు. మంచు మీదో, వాననీటిలోనో కారు పట్టు తప్పినప్పుడు కంప్యూటరు దాన్ని తిరిగి దారిలో పెట్టగలగాలి. పట్టు తప్పాక ఏం చేయాలో అందరికన్నా బాగా తెలిసినవాడు డ్రిఫ్ట్ డ్రైవరే. కంప్యూటరుకు ఆ విద్యనే నేర్పుతున్నారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. రెండు జారుళ్లకూ భౌతికశాస్త్రం ఒక్కటే. డ్రిఫ్ట్ డ్రైవరుకు జారుడు ఎప్పుడు మొదలవుతుందో ముందే తెలుసు. ఎదురుగా లారీ రాదు, పక్కన పశువులు నడవవు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన ఫార్ములా ఈ కార్ల పందెం జరిగింది. అది డ్రిఫ్ట్ పోటీ కాకపోయినా, దానికోసం కూడా రోడ్లు మూసి ఇరువైపులా గోడలు కట్టారు. ఊరి రోడ్డు మీద అలాంటి గోడలుండవు. మన దేశంలో కారు నడపడానికి 18 ఏళ్లు నిండాలి. అప్పటిదాకా, ఇంట్లో బండి నడిపేవారికి ఈ లెక్క మీరే చెప్పండి: బురద మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు గట్టిగా తొక్కకూడదు.

చేసి చూడండి

ఒక చెక్క పలక మీద రబ్బరు ముక్క పెట్టి, పలక ఒక చివరను నెమ్మదిగా ఎత్తండి. రబ్బరు జారడం మొదలైన క్షణాన పలకను ఆపి, ఎత్తిన చివర కింద ఎత్తు ఎంతో, నేల మీద అడుగు పొడవు ఎంతో కొలవండి. ఎత్తును అడుగుతో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది. ఎత్తు 56 సెంటీమీటర్లు, అడుగు 80 అయితే గుణకం 0.7. ఇప్పుడు పలక మీద తడి రేగడి మట్టి పూసి మళ్లీ చేయండి. ఎత్తు ఎంత తగ్గింది?

ఇంకొకటి గమనించండి. పొడి పలక మీద జారడం మొదలయ్యాక పలకను కాస్త దించినా రబ్బరు ఆగకుండా జారవచ్చు. జారే వస్తువుకు ఉండే ఘర్షణ, నిలిచి ఉన్న వస్తువుకు ఉండే గరిష్ఠ ఘర్షణ కన్నా తక్కువ. పట్టు పోగొట్టుకోవడం సులువు, తిరిగి తెచ్చుకోవడం కష్టం.

ప్రశ్నలు

1. 25 మీటర్ల వ్యాసార్ధమున్న మలుపులో ఘర్షణ గుణకం 0.3 అయితే, జారకుండా తిరగగల గరిష్ఠ వేగం గంటకు ఎన్ని కిలోమీటర్లు?
2. మొత్తం పట్టు 10 పాళ్లలో 8 పాళ్లు బ్రేకుకు పోతే, మలుపుకు మిగిలేది ఎంత?
3. కారు కుడికి తిరుగుతూ డ్రిఫ్ట్ చేస్తుంటే ముందు చక్రాలు ఎటు చూస్తాయి? ఎందుకు?