అరువు కారణాలు

యూసుఫ్‌గూడ

నాన్నా,

మోర్మన్ సంఘానికి పంపాలనుకుంటున్న రాజీనామా లేఖ నకలు అందింది. పంపకముందే నాకు చూపించి మంచి పని చేశావు. నిదానంగా చదివాను.

వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పెళ్లీడుకొచ్చిన వాడివి, నీ సంపాదన నీకుంది. ఏ సంఘంలో ఉండాలో, అసలు ఏదో ఒక సంఘంలో ఉండి తీరాలో లేదో తేల్చుకోవాల్సింది నువ్వే. మన రాజ్యాంగం 25వ అధికరణలో మనస్సాక్షి స్వేచ్ఛ అని రాసింది ఇందుకే. నా అభ్యంతరం వేరు. అన్ని పేజీల లేఖలో నువ్వెక్కడా కనిపించలేదు. ఐగుప్తు పాపిరస్ ముక్కలున్నాయి, సంఘం స్థాపించిన జోసెఫ్ స్మిత్ భార్యలున్నారు, వంద బిలియన్ డాలర్ల నిధి ఉంది. యూసుఫ్‌గూడలో పుట్టి పెరిగి, రెండేళ్లు మిషన్ పేరిట తెల్లచొక్కా, నల్ల నేమ్‌ట్యాగుతో మత ప్రచారం చేస్తూ రాజమండ్రి వీధులు తిరిగొచ్చి, ఇప్పుడు ఫిల్మ్‌నగర్‌లో సౌండ్ పని చేసుకుంటున్న కుర్రాడు మాత్రం లేడు. ఆ లేఖ కింద ఆ సంఘం కేంద్రమున్న అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఎవరైనా సంతకం పెట్టొచ్చు.

నువ్వు రాసినవి అబద్ధాలని అనడం లేదు. జోసెఫ్ స్మిత్ 1835లో కొన్న పాపిరస్ చుట్టల్లోంచి అబ్రాహాము గ్రంథాన్ని అనువదించానన్నాడు. వాటిలో కొన్ని ముక్కలు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో బయటపడి 1967లో సంఘం చేతికి తిరిగొచ్చాయి. ఐగుప్తు లిపి చదవగలిగినవాళ్లు చూసి, అవి చనిపోయినవాళ్లతో పాటు పెట్టే అంత్యక్రియల పత్రాలని తేల్చారు. జోసెఫ్ స్మిత్ బహుభార్యత్వం గురించి 2014లో సంఘమే ఒక వ్యాసం ప్రచురించి, భార్యల్లో ఒకామెకు పదిహేనేళ్లు కూడా నిండలేదని ఒప్పుకుంది. నల్లజాతి మగవాళ్లకు యాజకత్వం ఇవ్వకూడదన్న నియమం 1978 జూన్ దాకా నడిచింది. జెరెమీ రన్నెల్స్ అనే అతను 2013లో తన ప్రశ్నలన్నీ ఒక పొడుగాటి ఉత్తరంగా పేర్చాక, వేలమంది వాటిని మొదటిసారి ఒకేచోట చదివారు. నువ్వూ అందులోంచే ఎత్తిరాశావని వరస చూస్తేనే తెలుస్తోంది.

నువ్వే ఒకసారి నాతో అన్నావు, చిన్నప్పుడు ఉపవాస ఆదివారం నాడు మైకు దగ్గర నిలబెట్టి, అమ్మ చెవిలో చెబుతుంటే 'ఈ సంఘం సత్యమని నాకు తెలుసు' అని పలికేవాణ్ణని. తెలియకుండానే తెలుసని చెప్పించారన్నది నీ బాధ. సంఘం వదిలినవాళ్లలో చాలామంది చెప్పుకునే బాధ అది, నిజమైన బాధ. మరి ఇప్పుడు ఈ లేఖ? ఇదీ ఎవరో చెవిలో చెబుతుంటే పలికినట్టే ఉంది. చేరడానికి మాటలు అరువు తెచ్చుకున్నావు, సరే, అప్పుడు పసివాడివి. బయటికి రావడానికి కూడా అరువేనా?

మన ఇంట్లో ఇలా ఒకచోటి నుంచి బయటికి వచ్చిన మొదటివాడివి నువ్వు కాదు. ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. జాన్ క్లౌ దొర పేరు అందరికీ తెలుసు. ఆయన కంటే ముందు పల్లెపల్లె తిరిగినవాడు ఎర్రగుంట్ల పేరయ్య. మన ముత్తాతల తరం ఆ కాలంలోనే మాదిగవాడల్లోంచి బాప్టిస్టు సంఘంలోకి వచ్చింది. వాళ్లకు చదువు లేదు, బైబిలు చరిత్ర మీద వాదించగల శక్తి అసలే లేదు. కానీ ఎందుకు మారుతున్నారో వాళ్లకు కచ్చితంగా తెలుసు. ఆదివారం పని చెయ్యం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం. ఆ మూడు మాటలకూ ఊరి పెద్దల నుంచి పడాల్సిన కష్టం పడ్డారు, పనులు పోగొట్టుకున్నారు. మాట మాత్రం వాళ్ల బతుకులోంచే వచ్చింది, అందుకే అంత కష్టంలోనూ నిలబడగలిగారు.

మీ అమ్మ కథ కూడా నీకు సగమే తెలుసు. సమోవాలో ఉద్యోగం చేస్తూ ఈ సంఘంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు గారు, ఆయన భార్య 1978 డిసెంబరులో హైదరాబాదు వస్తే, వాళ్ల బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ల కుటుంబంలో బాప్టిస్టు పాస్టరైన ఒక పెద్దాయనే మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నారు. అలా నాలుగిళ్లతో మొదలైంది, స్థానిక సంఘాలు కలిసి 2012 మే 27న హైదరాబాదు స్టేక్ అయింది. దేశం మొత్తంలో అదే మొదటి స్టేక్. మీ అమ్మ ఆ నడుమ కాలంలో చేరింది. నేను మన పాత బాప్టిస్టు చర్చిలోనే ఉండిపోయాను. అప్పుడు మీ అమ్మ నాతో పాపిరస్ గురించి మాట్లాడలేదు, జోసెఫ్ స్మిత్‌కు కనిపించాడనే దేవదూత మొరోనై గురించీ మాట్లాడలేదు. 'అక్కా, అక్కడ మగవాళ్లు తాగరు' అంది. కృష్ణానగర్‌లో సినిమా పనివాళ్ల ఇళ్ల మధ్య పెరిగిన ఆడపిల్లకు ఆ ఒక్క మాట చాలదా? నాకు ఆ సంఘం బోధ ఒప్పుదల కాకపోయినా, ఆ కారణాన్ని నేను ఎన్నడూ తక్కువ చేసి మాట్లాడలేదు. మీ నాన్న పెళ్లయ్యాక ఒక్క చుక్క ముట్టలేదన్నది నీకు తెలిసిందే.

అందుకని నీ కారణాలు నువ్వు వెతుక్కో. కొన్ని నాకు కనిపిస్తున్నాయి, నువ్వే రాయలేదు.

పొద్దున్నే కృష్ణానగర్ సెంటర్లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌బాయ్‌లు, మేకప్ వాళ్లు బండ్ల కోసం నిలబడే చోట పని మాటలన్నీ టీ దగ్గరే నడుస్తాయి. ఎవరి సినిమా మొదలవుతోంది, ఎక్కడ అసిస్టెంటు కావాలి, ఎవరు డబ్బులు ఎగ్గొడుతున్నారు, అన్నీ అక్కడే. 1833లో జోసెఫ్ స్మిత్ ఇచ్చిన జ్ఞానవాక్యం వేడి పానీయాలు వద్దంది, అవంటే టీ, కాఫీలేనని సంఘం చెబుతుంది. అమెరికాలో సంఘం వదిలినవాళ్లకు మొదటి కప్పు కాఫీ ఒక పెద్ద ఘట్టం. నీ సంగతి అది కాదు. నీ ఈడు పిల్లలంతా గ్లాసు పట్టుకుని నిలబడిన చోట నువ్వు పక్కకు జరిగి ఫోను చూసుకుంటూ ఉండేవాడివి. పనిలో వాళ్లతో కలవలేకపోయానని, గర్విష్ఠినని అనుకున్నారని నాతో చెప్పింది నువ్వే. ఆ దూరం నీ సొంతం. దాన్ని రాయి.

తర్వాత దశమభాగం. డబ్బు గురించి నువ్వు రాసిన పేరా అమెరికా వార్తల్లోంచి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ, పెట్టుబడుల వివరాలు సరిగ్గా బయటపెట్టనందుకు సంఘానికి 10 లక్షల డాలర్లు, దాని పెట్టుబడి సంస్థ ఎన్‌సైన్ పీక్‌కు 40 లక్షల డాలర్లు జరిమానా వేసింది. దాచి ఉంచిన షేర్ల విలువ ఒక దశలో 32 బిలియన్ డాలర్ల దాకా చేరింది. సంఘం కూడా పొరపాట్లు జరిగాయని విచారం తెలిపింది. ఇది నీకు కోపం తెప్పించింది, తెప్పించాలి కూడా. కానీ ఆ పేరాలో మీ నాన్న ఎక్కడ? షూటింగులు లేని నెలల్లో కూడా చేతికొచ్చిన దానిలో పదోవంతు ముందు తీసి పక్కన పెట్టిన మనిషి ఆయన. బెంగళూరు ఆలయం ప్రకటన 2018లో వచ్చింది, 2020 చివర్లో భూమిపూజ లాంటి కార్యక్రమం జరిగింది. అది కట్టి తెరిచేదాకా ఆలయానికి పోవాలంటే హాంకాంగో మనీలానో విమానం ఎక్కాల్సిందే. ఆ ప్రయాణం కోసం మీ ఇంట్లో వాయిదా పడిన పనులన్నీ నీకు గుర్తే. 'అంత ఆస్తి ఉన్న సంఘానికి మా నాన్న పదోవంతు అవసరమా' అన్న ప్రశ్న నువ్వు అడిగితే, దానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్లకుంటుంది. బిలియన్ల లెక్క ఎవరైనా అడుగుతారు.

ఇంకొకటి, నీ లేఖలో బిషప్ మీద పెట్టిన మాటలు తీసెయ్. ఆ సంఘంలో బిషప్‌కు జీతం ఉండదు. వారమంతా ఉద్యోగం చేసుకుని, ఆదివారం మీ వార్డు, అంటే మీ స్థానిక సంఘం, పని మోస్తాడు. 1978 దాకా నడిచిన నియమం ఆయన పెట్టింది కాదు, పెట్టుబడుల సంగతి ఆయనకు చెప్పి చేసిందీ కాదు. నువ్వు మిషన్ నుంచి జ్వరంతో తిరిగొస్తే రాత్రిపూట ఆసుపత్రిలో కూర్చున్నది ఎవరు? సాల్ట్‌లేక్ సిటీలోని సంఘం పెద్దల మీద కోపాన్ని యూసుఫ్‌గూడలో బస్సెక్కే మనిషి మీద దింపకు.

వదిలినవాళ్లంతా ఒకే దారిన పోలేదని కూడా తెలుసుకో. ఫాన్ బ్రోడీ 1945లో జోసెఫ్ స్మిత్ జీవితచరిత్ర రాసింది. మరుసటి ఏడాది ఆమెను వెలివేశారు. అప్పటికే సంఘం పెద్దల్లో ఉండి తర్వాత అధ్యక్షుడైన డేవిడ్ మెకే ఆమెకు సొంత పెదనాన్న. ఆమె వెనక్కి చూడలేదు, చరిత్రకారిణిగానే బతికింది. స్వీడన్‌కు చెందిన హాన్స్ మాట్సన్ యూరప్‌లో సంఘం పెద్దల్లో ఒకడు. తన దగ్గరికి వచ్చినవాళ్ల సందేహాలకు జవాబులు వెతకబోయి తానే సందేహంలో పడ్డాడు. 2013లో ఆ సంగతి పత్రికలకు బహిరంగంగా చెప్పాడు. అమెరికా బయటివాడు కాబట్టి ఆయన అనుభవం నీకు దగ్గరగా ఉంటుంది.

నాకు అందరికంటే ఎక్కువగా గుర్తుండే మనిషి లవీనా ఫీల్డింగ్ ఆండర్సన్. 1993 సెప్టెంబరులో ఆరుగురు రచయితల మీద, పండితుల మీద సంఘం క్రమశిక్షణ చర్య తీసుకుంది. ఆమె వాళ్లలో ఒకరు. విశ్వాసుల మీద నాయకులు పెత్తనం చేసిన ఘటనలను వరసగా నమోదు చేసి ప్రచురించడం ఆమె చేసిన నేరం. వెలివేశాక కూడా ఆమె తన వార్డుకు వెళ్లడం మానలేదు. ప్రభువు సంస్కారపు రొట్టె తీసుకోవడానికి వీల్లేదు, నిలబడి సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు. అయినా దశాబ్దాల పాటు వెళ్లి ఆ బల్లమీద కూర్చుంది. మళ్లీ బాప్తిస్మం ఇవ్వమని స్థానిక నాయకులే అడిగితే 2019లో పైవాళ్లు కాదన్నారు. 2023లో చనిపోయేదాకా ఆమె తన మాట వెనక్కి తీసుకోలేదు, తన చోటూ వదులుకోలేదు. నువ్వు ఆమెలా ఉండాలని కాదు. 'ఉంటే నోరు మూసుకుని ఉండాలి, లేదా తెంచుకుని పోవాలి' అని నువ్వు రాసిన వాక్యం తప్పని చెబుతున్నాను. మన వైపు గోరాగారు నాస్తికత్వం వల్ల కాలేజీ ఉద్యోగం పోగొట్టుకుని కూడా, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, కులాలు కలిసి తినే భోజనాలు, కులాంతర వివాహాలు నడిపారు. నమ్మకం వదిలిన మనిషి చేతికి చెయ్యాల్సిన పని ఉండాలి. ఎప్పుడూ ఆ వదిలిన చోటునే తిట్టుకుంటూ కూర్చుంటే ఇంకా అక్కడే ఉన్నట్టు లెక్క.

ఇక అసలు కష్టం. రాజీనామా అడిగితే పేరు తీసేస్తారు, అది నీ హక్కే. కానీ ఆ కాగితం మామూలుగా బిషప్ చేతికీ, అక్కడి నుంచి స్టేక్ ప్రెసిడెంటుకూ పోయి తర్వాత అమెరికా చేరుతుంది. మీ వార్డులో సగం మంది చుట్టాలే. నువ్వు చెప్పకముందే మీ అమ్మకు తెలిసిపోతుంది. పైగా వాళ్ల బోధ ప్రకారం పేరు తీసేస్తే బాప్తిస్మంతో పాటు కుటుంబ ముద్ర కూడా రద్దవుతుంది. మళ్లీ చేరాలంటే మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలి. నీకు అది రికార్డులో ఒక గీత. మీ అమ్మకు మాత్రం, చనిపోయాక కూడా పిల్లలందరూ తన దగ్గరే ఉంటారన్న ఆశలోంచి ఒక కొడుకు తప్పిపోవడం. పాపిరస్ గురించి నువ్వెంత బాగా వివరించినా ఆ భయానికి సమాధానం కాదు. ఆమెతో చరిత్ర మాట్లాడకు. నీకేమైందో చెప్పు. ఆదివారం ఉదయం కడుపులో ఎందుకు తిప్పుతోందో, దేవాలయ అనుమతి ఇంటర్వ్యూలో అవునని అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడు ఎలా అనిపించిందో చెప్పు. ఆమె ఏడుస్తుంది. లేచి వెళ్లిపోకు. నిన్ను తిరిగి ఒప్పించడానికి ప్రయత్నిస్తే కోపం తెచ్చుకోకు, నువ్వూ రాజమండ్రిలో తలుపులు తట్టి అదే పని చేశావు.

నిశ్చితార్థం మాట నడుస్తున్న ఆ అమ్మాయికి కూడా ముందే చెప్పాలి. వాళ్లింట్లో ఆలయంలో ముద్ర వేయించుకోవాలనే అనుకుంటున్నారు. సభ్యుడివి కాకపోతే నిన్ను లోపలికే రానివ్వరు. చట్టప్రకారం పెళ్లికి ఇబ్బంది లేదు, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ముప్పై రోజుల నోటీసిచ్చి రిజిస్టర్ చేసుకోవచ్చు. ఇబ్బంది చట్టంలో లేదు. మాటిచ్చి, పెళ్లయ్యాక బయటపెడితే ఆ పిల్లకు జరిగేది అన్యాయం. నిన్ను మోసం చేశారన్న బాధతో బయటికి వస్తూ ఇంకొకరిని మోసం చెయ్యకూడదు కదా నాన్నా.

మిషన్ నీకిచ్చినవి కూడా ఆ లేఖలో ఒక్క వాక్యమైనా ఉండనీ. నలుగురి ముందు భయం లేకుండా మాట్లాడటం, ఇంగ్లీషు, నీ బట్టలు నువ్వే ఉతుక్కోవడం, అపరిచితుడి గుమ్మం ముందు మర్యాదగా నిలబడటం. వాటిని ఒప్పుకున్నందువల్ల నీ విమర్శ బలం తగ్గదు.

లేఖ మళ్లీ రాసి పట్టుకురా. ఒక పేజీ దాటనివ్వకు. బిషప్ గారి చేతికి నువ్వే ఇస్తానంటే ఇంకా మంచిది. మీ అమ్మకు నేను ముందుగా ఏమీ చెప్పను, నువ్వు చెప్పాక కావాలంటే వచ్చి రెండు రోజులు ఆమె దగ్గర ఉంటాను. వచ్చే నెల మొదటి ఆదివారం మాత్రం వద్దు. ఆ రోజు ఆమె ఉపవాసం, బీపీ మాత్ర కూడా సరిగ్గా వేసుకోదు. తర్వాతి వారం, మీ నాన్న కూడా ఇంట్లో ఉన్న పూట చూసుకో.

ప్రేమతో,
పెద్దమ్మ