కావలివాని నిద్ర

నిద్రపట్టని రాత్రి ధృతరాష్ట్రునకు సనత్సుజాతుడు చేసిన ఉపదేశసారము ప్రమాదమే మృత్యువనునది. నేడు తెలుగున ప్రమాదమనగా జరిగిన ఆపద. సంస్కృతమున ఆ పదమునకు అర్థము ఏమరుపాటు. మనిషి ఏమరిన క్షణముననే ఆపద పుట్టుచున్నదని దీని భావము. నావలో కావలి కాయువాని కునుకు ఇందుకు తగిన దృష్టాంతము.

మాచర్ల చెంతనున్న విజయపురి సౌత్ రేవునుండి లాంచీలో నాగార్జునకొండకు పోవు యాత్రికులు, గట్టు విడిచిన తోడనే నిశ్చింతగా మాటలలో పడుదురు. పసివారు తల్లుల ఒడిలో నిద్రింతురు. సరంగు మేలుకొని యున్నాడను నమ్మకమే ఆ నిశ్చింతకు మూలము. కావున అతని కన్నులు అతనివి మాత్రమే కావు, నావలోని వారందరివి.

2025 మే 22వ తేదీ వేకువను, నార్వే దేశమున ట్రాండ్‌హైమ్ సమీపమున, 135 మీటర్ల పొడవుగల ‘ఎన్.సి.ఎల్. సాల్టెన్’ అను సరకుల ఓడ దారి మళ్లక తీరమెక్కి, ఒక ఇంటికి కొలది మీటర్ల దూరమున నిలిచినది. ఇంటివాడు అప్పుడు గాఢనిద్రలో నుండెను. ఒంటరిగా కావలియందున్న అధికారి తాను నిద్రపోయితినని పోలీసులకు చెప్పెను. ఎవరికిని గాయమైనను తగులకపోవుట దైవకృప.

అట్లని నిద్ర పాపమా? కాదు. అతిగా నిద్రించువానికిని, బొత్తిగా నిద్ర మానినవానికిని యోగము సిద్ధింపదని గీత ఆరవ అధ్యాయము బోధించుచున్నది. 2010 ఏప్రిల్ 3న ఆస్ట్రేలియా పగడపు దిబ్బలపై ‘షెన్ నెంగ్ 1’ అను బొగ్గు ఓడ ఎక్కినది. దాని కావలి అధికారి అంతకు ముందటి 38½ గంటలలో నిద్రించినది 2½ గంటలే! అలసిన కన్ను తెరచియున్నను చూడదు. అందువలననే 24 గంటలలో కనీసము 10 గంటల విశ్రాంతి ఉండవలెనని అంతర్జాతీయ నౌకానియమము. కావలివానికి వేళకు నిద్రించుటయు ధర్మమే.

శ్రీరాముడు గంగాతీరమున శయనించిన రాత్రి, తాను కావలియుందునని, లక్ష్మణుని నిద్రింపుమని గుహుడు వేడెను. లక్ష్మణుడు నిద్రింపలేదు, గుహుడును లక్ష్మణుని విడిచి పోలేదు. ఇరువురును మేలుకొనియే తెల్లవార్చిరి. మరునాడు గుహుడు తెప్పించిన నావలో సీతారామలక్ష్మణులు గంగ దాటిరి. సాల్టెన్ ఓడలో లేనిది ఈ రెండవ కన్నుల జతయే.

మహాశివరాత్రికి కోటప్పకొండపై త్రికోటేశ్వరుని సన్నిధిని జాగరణ చేయు భక్తులకును ఈ విషయము ముఖ్యము. రాత్రియంతయు మేల్కొనినవాడు తెల్లవారగనే నరసరావుపేట బాటలో ట్రాక్టరు నడుపరాదు. బండిలోని బిడ్డలు అతని కన్నులనే నమ్మి నిద్రింతురు. బాగుగ నిద్రించినవానికి బండి నప్పగింపవలెను. అట్టివాడు లేనిచో చెట్టునీడను కొంతసేపు పరుండి పిమ్మట బయలుదేరవలెను. ఆ విశ్రాంతివలన జాగరణపుణ్యము తరుగదు. ఇతరుల ప్రాణములను కాపాడుటయు ఈశ్వరసేవయే.