శంకుస్థాపనకు ముందే ఊరి నీటి లెక్క

నలభై యాభై ఊళ్లను ఒకే పైపులైనుకు కలిపే సమగ్ర మంచినీటి పథకం వస్తోందంటే ఊళ్లలో ముందు ఆశ పుడుతుంది, వెంటనే అనుమానమూ పుడుతుంది. లైను చివరనున్న మనదాకా నీళ్లొస్తాయా? కరెంటు బిల్లు ఎవరు కడతారు? రెండూ న్యాయమైన ప్రశ్నలే. ట్యాంకు కట్టేశాక అడిగితే మాత్రం జవాబు చెప్పేవాళ్లు దొరకరు. అందుకే అధికారులు అంచనాలు వేస్తున్నప్పుడే ఊరు తన లెక్క తాను రాసుకోవాలి. జల్ జీవన్ మిషన్‌లో దీని పేరు గ్రామ కార్యాచరణ ప్రణాళిక. ఆఫీసులో నింపి తెచ్చిన ఫారం మీద సంతకాలు పెడితే అది ఊరి ప్రణాళిక కాదు.

మొదట నీటి కమిటీ. 10 నుంచి 15 మంది ఉండాలి, అందులో సగం మంది ఆడవాళ్లు. మిగిలిన సగంలో పంచాయతీ సభ్యులు, బలహీన వర్గాలవాళ్లు. ఎస్సీ కాలనీ నుంచి, ఊరి చివర మిట్ట మీద ఇళ్ల నుంచి తప్పకుండా ఒక్కొక్కరిని తీసుకోండి. కుళాయిలో ధార ఎక్కడ సన్నబడుతుందో, ఏ వేళకు ఆగిపోతుందో వాళ్లకు తెలిసినంతగా ఇంజనీరుకు తెలియదు.

తర్వాత ఊళ్లో ఉన్నవన్నీ రాయండి: బోర్లు, చేతిపంపులు, పాత ట్యాంకు, ఏ బోరు ఏ నెలలో ఎండుతుంది. ప్రతి నీటివనరునూ పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటని ఫ్లోరైడ్ మేలు, 1.5 దాటితే తాగకూడదు. ఈ హద్దు దాటిన నీళ్లు నల్లగొండ, ప్రకాశం పల్లెల్లో ఎన్ని ఎముకలను వంచాయో చూశాం. పరీక్షలో నెగ్గిన బోరును మాత్రం కొత్త పథకం వచ్చిందని వదిలేయకండి. దూరం నుంచి వచ్చే లైను పగిలిన రోజున గొంతు తడిపేది అదే.

ఇక అవసరం ఎంతో చూద్దాం. మనిషికి రోజుకు 55 లీటర్లు అన్నది మిషన్ ప్రమాణం. 2,000 జనాభా ఉన్న ఊరికి రోజుకు 1,10,000 లీటర్లు. పథకాలను సాధారణంగా 30 ఏళ్ల జనాభాను చూసుకుని రూపొందిస్తారు కాబట్టి, అప్పటికి 3,000 మంది అవుతారనుకుంటే 1,65,000. ఈ 55 లీటర్లలో గొడ్ల నీళ్లు లేవు. పాడి ఉన్న ఊరైతే ఆ లెక్క వేరే గీత కింద రాయాలి. బడి, అంగన్‌వాడీ, జాతర రోజులు కూడా కలపండి.

ఆ నీళ్లు మే నెలలో ఎక్కడి నుంచి వస్తాయో అడగండి. రిజర్వాయరు అయితే గత ఐదేళ్ల ఏప్రిల్, మే మట్టాలు, పథకం నీళ్లు తోడే మట్టం పక్కపక్కన చూపించమనండి. కాలువ మీద ఆధారపడే ఊరైతే వేసవి నిల్వ చెరువు ఉండాలి. కాలువ 60 రోజులు కట్టేస్తే 2,000 జనాభా ఉన్న ఊరికే 66 లక్షల లీటర్లు నిల్వ కావాలి. ఎండకు ఆవిరయ్యేది, నేలలోకి ఇంకేది దానికి అదనం.

అసలు బరువు డబ్బు దగ్గరుంది. కట్టడానికయ్యే ఖర్చు మన రాష్ట్రాల్లో కేంద్రం సగం, రాష్ట్రం సగం భరించాలన్నది మిషన్ పద్ధతి. ఊరి లోపలి పనుల విలువలో 10 శాతం ఊరి వాటా. కొండ, అటవీ ప్రాంతాల్లోనూ, ఎస్సీ ఎస్టీలు సగానికి మించిన ఊళ్లలోనూ అది 5 శాతం. శ్రమ రూపంలోనూ ఇవ్వొచ్చు. కానీ కట్టడం ఒక్కసారి ఖర్చు, నడపడం ప్రతినెలా ఖర్చు. లక్ష లీటర్లను 60 మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి, మోటారు నష్టాలతో కలిపి, దాదాపు 27 యూనిట్ల కరెంటు కావాలి. మనం లెక్కేసిన 2,000 జనాభా ఊరికి నెలకు సుమారు 900 యూనిట్లు. పైపు దూరం పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. దాని మీద ఆపరేటరు జీతం, క్లోరిన్, వాల్వులు, మోటారు మరమ్మతు. నెలకు 40,000 రూపాయలు తేలితే, 500 ఇళ్లకు ఇంటికి 80. అది ప్రభుత్వం ఇస్తుందా, పంచాయతీ నిధులా, ఇంటింటి రుసుమా? కట్టలేని ఇళ్ల మాటేమిటి? ఇవి గ్రామసభలో గట్టిగా చదవాలి, తేల్చాలి. అనంతపురం జిల్లాలో 1990లలో సత్యసాయి తాగునీటి పథకం భక్తుల విరాళాలతో వందల ఊళ్లకు నీళ్లిచ్చింది. కట్టడానికి దాత దొరికిన చోటైనా నడపడానికి ఏటా డబ్బు కావాల్సిందే.

చివరి ఊళ్లకు ఇంకో జాగ్రత్త ఉంది. పై ఊళ్లు ఎక్కువ లాగేసుకుంటే కింది ఊరికి గాలే మిగులుతుంది. ప్రతి ఊరి ముఖద్వారంలో మీటరు పెట్టాలని, రోజుకు ఇన్ని లీటర్లు ఇవ్వాలని తీర్మానంలో రాయించండి. ఒక అంతస్తు ఇళ్లకు కుళాయి దగ్గర కనీసం 7 మీటర్ల ఒత్తిడి మిగలాలి. మీ ఊరి పేరు ఎదుట ఎంత రాశారో పథకం వివర నివేదికలో వెతకండి. నివేదిక ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

టెండరు పిలిచాక మార్పులు చేయించడం చాలా కష్టం. మీ మండలంలో పథకం మాట వినబడగానే గ్రామసభ పెట్టండి, తీర్మానాన్ని, ఈ లెక్కను గ్రామీణ నీటి సరఫరా శాఖ డీఈకి ఇచ్చి రసీదు తీసుకోండి.