తార్నాక నుంచి చౌడు నేల దాకా

ఉస్మానియాలో జాగ్రఫీయో జియాలజీయో ఎమ్మెస్సీ పూర్తిచేసి, తార్నాకలో గది తీసుకుని ఉద్యోగం వెతుక్కునే పిల్లలు నన్ను తరచూ అడుగుతారు: "సార్, ఇంకే సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు?" నేల క్షీణతను అంచనా వేసి మ్యాపు చేసే పని కావాలంటే క్యూజీఐఎస్ చాలు, అది ఉచితం. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలూ ఉచితమే, పది మీటర్ల స్పష్టతతో వస్తాయి. నేలను గుర్తుపట్టడం మాత్రం పొలాల వెంట తిరిగితేగానీ రాదు.

పని లేకపోలేదు. 2021లో వచ్చిన ఇస్రో అట్లాస్ ప్రకారం 2018-19 నాటికి దేశ విస్తీర్ణంలో 29.77 శాతం, అంటే 9.78 కోట్ల హెక్టార్లు క్షీణించాయి. బాలానగర్‌లో ఇస్రో రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్ఆర్ఎస్‌సీ, సంతోష్‌నగర్‌లో మెట్ట సేద్య పరిశోధన సంస్థ క్రిడా, పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, అన్నీ మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ప్రాజెక్టు పోస్టుల ప్రకటనల కోసం వాటి వెబ్‌సైట్లు వారానికోసారి చూడండి.

నా మొదటి ప్రాజెక్టులో ఏప్రిల్ చిత్రం ఒక్కటే చూసి, తెల్లగా మెరిసిన మడులన్నిటికీ చౌడు రంగు వేశాను. తర్వాత ఆ ఊరికి వెళితే రైతు పారతో రెండు పెళ్లలు తీసి చూపించాడు. "చౌడెక్కడిది సారూ, పోయిన వానకాలం వాగు పొర్లి ఇసుక మేటేసింది" అన్నాడు. నా మ్యాపే నిలిచి ఉంటే మేట తీయించాల్సిన పొలానికి చౌడు మందు చెప్పేవాళ్లు. ఆ రోజు నుంచి వానకాలం, యాసంగి, వేసవి మూడు చిత్రాలూ పక్కపక్కన పెట్టకుండా ఏ గీతా గీయలేదు. బీడు పెట్టిన మంచి చెల్క కూడా ఒక్క చిత్రంలో పాడైన నేలలాగే కనిపిస్తుంది.

చౌడులోనూ తేడా తెలియాలి. పాల చౌడులో లవణాలు పైకి తేలి తెల్లగా పేరుకుంటాయి, విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసీమెన్స్ దాటుతుంది. మురుగు పోయే దారి చేసి మంచినీటితో కడగాలి. కారు చౌడులో సోడియం ఎక్కువ, పీహెచ్ 8.5 దాటుతుంది, నీళ్లు ఇంకవు. దానికి జిప్సం కావాలి. మ్యాపులో రెంటికీ ఒకే రంగు వేస్తే రైతుకు ఎందుకూ పనికిరాదు.

సాధనకు దూరం పోనక్కర్లేదు. తొలకరి పడ్డాక క్యాంపస్‌లో నడవండి. బండరాళ్ల మధ్య ఎర్రమట్టి వాలులో నీటి కోత ఎక్కడ మొదలైందో, ఏ చెట్టు వేళ్లు బయటపడ్డాయో చూడండి. ఒక్కోచోట గులకరాయి కింద మాత్రమే మట్టి నిలిచి, చుట్టూ కొట్టుకుపోయి చిన్న దిమ్మెలా కనిపిస్తుంది. ఆ దిమ్మె ఎత్తు కొలిస్తే కనీసం ఎంత మట్టి పోయిందో తెలుస్తుంది. ముప్పై చోట్ల జీపీఎస్ బిందువు, ఫొటో, వాలు రాసుకుని మ్యాపు చేయండి. అందులో పది బిందువులు ముందే పక్కన పెట్టి, మ్యాపు ఎంత సరిగ్గా ఉందో వాటితోనే సరిచూడండి. ఇంటర్వ్యూకి సర్టిఫికెట్లతో పాటు ఆ కాగితం కూడా పట్టుకెళ్లండి. తవ్వాల్సి వస్తే విభాగం అనుమతి తీసుకోవాలి.

మట్టి నమూనాకు పొలంలో అడ్డదిడ్డంగా పది పదిహేను చోట్ల, 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గుంట తీయాలి. గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప దగ్గర వద్దు. అంతా కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు తీసేస్తూ అరకిలో మిగలనివ్వండి. నీడలోనే ఆరబెట్టండి. నమూనా పోయడానికి ఎరువుల సంచి మాత్రం వాడొద్దు, ఫలితమంతా తారుమారవుతుంది. చౌడు అనుమానం ఉంటే పొరపొరకూ విడిగా, ఇంకా లోతుకు తీయాలి.

ఉద్యోగంలో చేరేముందు జీతంతో పాటు మరో రెండు అడగండి: ఏడాదిలో ఎన్ని రోజులు ఫీల్డుకు పంపుతారు, వాహనం ఖర్చు ఎవరిది? జవాబు కాగితం మీద తీసుకోండి.