నంబర్ వన్ పాట: లెక్క ఎవరు కట్టారు?



మొన్న ఆదివారం మన డార్మిటరీలో ఏ పాట నంబర్ వన్ అని పెద్ద గొడవ అయింది. చివరికి ఎవడి గొంతు పెద్దదో వాడే గెలిచాడు. ఇదే సంగతిని ఇంగ్లండు వాళ్ళు ఎలా తేల్చుకున్నారో తెలుసుకుందాం.

1952 నవంబరు 14న లండన్‌లో 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' అనే వారపత్రిక ఆ దేశంలో మొదటి హిట్ పాటల పట్టిక అచ్చు వేసింది. పెర్సీ డికిన్స్ అనే ఆయన సుమారు 20 రికార్డుల షాపులకు ఫోన్ చేసి, ఏవి బాగా అమ్ముడుపోయాయో అడిగి రాసుకున్నాడు. దేశం మొత్తానికి 20 షాపులు, అంతే! ఆల్ మార్టినో పాడిన 'హియర్ ఇన్ మై హార్ట్' మొదటి స్థానంలో కూర్చుని 9 వారాలు కదల్లేదు. తమాషా ఏమిటంటే, పట్టికలో స్థానాలు 12, పాటలు మాత్రం 15. మన క్లాసులో ఇద్దరికి ఒకే ర్యాంకు వస్తుంది చూడండి, అలాగన్నమాట.

(అదే ఏడాది డిసెంబరులో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గారి 'బినాకా గీత్‌మాలా' మొదలైంది. అవి హిందీ సినిమా పాటలు. ఇంట్లో తాతల్ని అడగండి, చెబుతారు.)

ఇక రికార్డులు. 1953లో ఫ్రాంకీ లేన్ పాట 'ఐ బిలీవ్' మొత్తం 18 వారాలు మొదటి స్థానంలో ఉంది. కానీ ఒక్క దఫాలో కాదు. మధ్యలో రెండుసార్లు దిగి మళ్ళీ ఎక్కింది. 1991లో బ్రయాన్ ఆడమ్స్ పాట ఒకటి దిగకుండా వరసగా 16 వారాలు ఉంది. ఏది గొప్ప? రెండూ రికార్డులే, లెక్క వేరు.

అప్పట్లో రికార్డు కొంటేనే లెక్క. కొన్నవాడు ఇంట్లో వందసార్లు విన్నా ఒకటే. 2014 జూలై నుంచి ఇంటర్నెట్‌లో వినడాన్ని కూడా కలిపారు. మొదట్లో వందసార్లు వింటే ఒక అమ్మకం కింద లెక్కగట్టేవారు. దాంతో ఏమయింది? 2017 మార్చిలో ఎడ్ షీరన్ కొత్త ఆల్బం వచ్చింది. జనం అన్ని పాటలూ విన్నారు. మొదటి 10 స్థానాల్లో 9 ఆయనవే! వార్షికోత్సవంలో బహుమతులన్నీ ఒక్కడే పట్టుకుపోతే మిగతా వాళ్ళ మొహాలు ఎలా ఉంటాయి? ఆ జూలైలోనే కొత్త రూలు పెట్టారు: ఒక గాయకుడివి మూడు పాటలకు మించి పట్టికలో ఉండకూడదని.

ఇంకో రూలు కూడా ఉంది. పాతబడి తగ్గిపోతున్న పాటను విన్నా సగమే లెక్క. నాకైతే ఇది అన్యాయం అనిపించింది. కేట్ బుష్ అనే ఆవిడ పాట 'రన్నింగ్ అప్ దట్ హిల్' 1985లో మూడో స్థానం దాకా వచ్చి ఆగింది. 2022లో 'స్ట్రేంజర్ థింగ్స్' అనే సీరియల్లో ఆ పాట వినిపించేసరికి కుర్రాళ్ళంతా దాన్నే వినసాగారు. అయినా సగం లెక్క వల్ల మొదటి స్థానానికి రాలేకపోయింది. అప్పుడు పట్టిక వేసేవాళ్ళు ఆ పాటకు రూలు సడలించారు. జూన్‌లో నంబర్ వన్ అయింది, 37 ఏళ్ళ తర్వాత!

మనమూ ఒక పట్టిక వేద్దాం. గోడ పత్రిక కింద అట్టపెట్టె పెట్టాం. ఒకరికి ఒకటే చీటీ, శనివారం సాయంత్రం అందరి ముందు లెక్కిస్తాం. ఆరో తరగతి చెల్లి ఒకామె అడిగింది: "అన్నా, మా అవ్వ కోయలో పాడే పాట రాయొచ్చా? అది సినిమాలో లేదు, ఫోన్లో కూడా దొరకదు."

రాయొచ్చు చెల్లీ. పాట పేరు లేకపోతే మొదటి మాట రాయి. చదవడం రాకపోతే నిన్నే పిలుస్తాం, పాడి వినిపిద్దువు గాని.